తోక తెగిన మాట

"జ్వరం తగ్గిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఎక్కడైనా ఉందా?" అంది అత్తగారు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కోడలు భుజానికున్న సంచీ ఇంకా దించనేలేదు. జ్వరాల వార్డులో రెండు డ్యూటీలు కలిపి చేసి, స్నానం చేసి ఒక ముద్ద తిని కాసేపు కళ్ళు మూసుకుందామని ఇంటికి వచ్చింది. డాక్టర్లకీ ఒళ్ళు ఉంటుందని, దానికీ అలసట ఉంటుందని ఈ మధ్య ఊళ్ళో అందరూ మరిచిపోయారు. ఇంట్లో వాళ్ళు అందరికంటే ముందు మరిచిపోయారు.

మరిది మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం లేదు. ఆ చెయ్యి అలాగే కిందికి జరిపి మణికట్టు పట్టుకుంది. నాడి అందీ అందకుండా పరిగెడుతోంది.

"పొద్దున్నించీ వాంతులు అయ్యాయా?"

"అయ్యాయి. నాలుగు రోజులుగా తిండి లేని కడుపు, అవ్వవా మరి? జ్వరం పోయింది కదా, ఇక తేరుకుంటాడు."

"ఈ చేతులు చూడండి అత్తయ్యా. ఎంత చల్లగా ఉన్నాయో చూడండి."

"చల్లబడితేనే కదా జ్వరం తగ్గినట్టు. నీకు ఏ మనిషిని చూసినా జబ్బే కనిపిస్తుంది. ఇన్నాళ్ళకి వాడికి కునుకు పట్టింది. పడుకోనీ."

నాలుగు రోజులు రెప్ప వాల్చకుండా తడిగుడ్డలు వేసిన తల్లి ఆవిడ. కొడుకు ఒళ్ళు చల్లబడ్డ క్షణం నుంచి ఆవిడ ముఖంలోకి మళ్ళీ నెత్తురు వచ్చింది. ఆ ముఖం చూసి ఆ మాట చెప్పడం కోడలికి ఎంత కష్టంగా ఉందో ఆమెకే తెలుసు.

"అది కునుకు కాదు, మగత. డెంగీలో జ్వరం తగ్గాకే అసలు ముప్పు మొదలవుతుంది. ఇదే మాట రోజూ రేడియోలో చెప్పి చెప్పి నా గొంతు పోయింది. వాడిని లేపండి."

"ఏం చెప్పావ్?" అత్తగారు విచిత్రంగా చూసింది. "ఊరంతటికీ ఒకటి చెప్పి ఇంటికొచ్చి ఇంకొకటి చెప్తావేం?"

కోడలికి అర్థం కాలేదు. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మైకు బండి వీధి మలుపు తిరిగింది. పైన రెండు బాకాలు కట్టుకుని ఊరంతా తిరిగే ఆటో అది. నిన్నటి నుంచి అలాంటివి పేటకొకటి తిరుగుతున్నాయి. ఆమె మాత్రం నిన్నటి నుంచి వార్డు గోడలు దాటి బయటికి రాలేదు.

బాకాలోంచి ఆమె గొంతే వచ్చింది. తాపీగా, ఆప్యాయంగా.

"నేను మీ జ్వరాల వార్డు డాక్టర్ని. జ్వరం తగ్గగానే గండం గడిచినట్టే. ఇంట్లో నీళ్ళు నిలవ ఉంచకండి. దోమలు కుట్టకుండా..."

"ఇదిగో," అంది అత్తగారు. "నేను కల్పించి చెప్పడం లేదుగా. నీ నోరే."

"నేను అలా అనలేదు."

"నీ గొంతు నాకు తెలియదా? ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి వింటున్నాను."

ఆ రోజు రేడియో రికార్డింగు గదిలో తను అన్నది కోడలికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. జ్వరం తగ్గగానే గండం గడిచినట్టే అని ఎవరూ అనుకోవద్దు. అదీ మాట. గడిచినట్టే అన్న చోట ఆగి ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత గట్టిగా, ఒత్తి మరీ చెప్పింది, ఎవరూ అనుకోవద్దని. బాకాలో ఊపిరి దాకా ఉంది. ఊపిరి తర్వాతది లేదు.

మన భాషలో వద్దు, లేదు, కాదు అనేవన్నీ వాక్యం చిట్టచివర వచ్చి కూర్చుంటాయి. ఆ చివర కాస్తా తెగిందంటే, మిగిలింది కూడా చక్కటి వాక్యమే. అర్థం మాత్రం అడ్డం తిరుగుతుంది.

అప్పుడు ఆమెకు పొద్దుటి మనిషి గుర్తొచ్చాడు. తాపీమేస్త్రి. కూతుర్ని భుజం మీద వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. పిల్ల అప్పటికే అందకుండా పోయింది. నిద్రలేని చిరాకులో ఆమె ఆ తండ్రి మీద విరుచుకుపడింది. జ్వరం తగ్గిన రోజు జాగ్రత్త అని అంత చెబుతున్నా మీరెవ్వరూ వినరేం అని అడిగింది. అతను ఎదురు తిరగలేదు. "విన్నాం కాబట్టే ఇంట్లో ఉంచామమ్మా" అన్నాడు. దుఃఖంలో మతి పోయి మాట్లాడుతున్నాడనుకుంది ఆమె. పాపం అతని మతికేం కాలేదు.

"వదినా," అన్నాడు మరిది గోడ వైపు నుంచే. గొంతు గుడ్డలో చుట్టినట్టుంది. "బయట ఒక నువ్వు, లోపల ఒక నువ్వు. ఎవరి మాట వినమంటావు?"

"లోపలి నా మాట విను. లే."

"కడుపులో నొప్పిగా ఉంది వదినా. అమ్మకి చెప్పలేదు."

ఈ మాట తల్లి విన్నది. గుమ్మం నుంచి ఒక అడుగు లోపలికి వేసింది. కానీ ఒప్పుకోవడం అంటే ఇంతసేపూ తను చేసింది తప్పని ఒప్పుకోవడమే కదా, అందుకని నోరు మాత్రం తగ్గలేదు.

"పెద్దవాడికి ఫోన్ చెయ్యి. వాడు ఆ రేడియోలోనే పని చేస్తాడు. ఏది నిజమో వాడే చెప్తాడు."

పెద్దవాడంటే ఈమె భర్త. రేడియో స్టేషన్లో మాటలు రికార్డు చేసి, అక్కర్లేనివి కోసి, కావలసినవి అతికిస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు కొడుకు ఉద్యోగం గురించి ఒకే మాట చెబుతుంది. "మా వాడికి కోతలు కోస్తే జీతమిస్తారు" అని. వచ్చినవాళ్ళు నవ్వుతారు, ఆవిడా నవ్వుతుంది, అతనూ నవ్వుతాడు. కోడలికి ఇప్పుడు ఆ మాట గుర్తుకు రావడం ఇష్టం లేదు. అయినా వచ్చింది.

ఫోన్ చెయ్యలేదు. వీధిలోకి పరిగెత్తి మైకు బండికి అడ్డంగా నిలబడింది.

"పక్కకి జరగమ్మా. మున్సిపాలిటీ బండి ఇది," అన్నాడు డ్రైవరు.

"ముందు అది ఆపు."

"ఆపితే పైవాళ్ళు ఊరుకోరు. ఇంతకీ మీరెవరు?"

"అందులో మాట్లాడుతున్నది నేనే."

అతను తల బయట పెట్టి బాకా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "డాక్టరమ్మా? గొంతు విని కాస్త పొడుగ్గా ఉంటారనుకున్నానే," అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి మీట నొక్కేశాడు. వీధి ఒక్కసారిగా మూగబోయింది.

మరిదిని ఆమె, డ్రైవరు కలిసి మోసుకొచ్చి ఆ ఆటోలోనే కూర్చోబెట్టారు. అతను బస్సు కండక్టరు. రోజంతా ఊళ్ళోవాళ్ళని నవ్విస్తూ టికెట్లు కొట్టే మనిషి. వదిన ఒళ్ళో తల పెట్టుకుని, కళ్ళు తెరవకుండానే, "రైట్ రైట్" అన్నాడు. డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. తల్లి కొడుకు పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ కూర్చుంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మరిదిని ఒక్కసారి చూసి, సెలైన్ అందుకుని, కోడలి వైపు తిరగకుండానే చెప్పాడు. "ఇంటి మనిషికి నువ్వు చెయ్యి వెయ్యొద్దు. బయట కూర్చో."

"బీపీ ఎంతుంది సర్?"

"బయట కూర్చోమన్నాను."

వార్డు బయట బల్ల మీద అత్తాకోడళ్ళు చెరో కొసన కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు కూర్చునేంత ఖాళీ ఉంది. వరండా నిండా జనమే, గోడలకి ఆనుకుని, చాపలు పరుచుకుని. ఎవరి ఒళ్ళో చూసినా ఒక ఫ్లాస్కు, ఒక దుప్పటి.

అత్తగారే ముందు మాట్లాడింది. ఈసారి గొంతులో కోపం లేదు. అందుకే కోడలికి భయమేసింది.

"పొద్దున్న వాడు వాంతి చేసుకున్నప్పుడు నాకూ అనుమానం వచ్చింది. చెప్పులు కూడా వేసుకున్నాను, ఆటో పిలుద్దామని. అప్పుడే వీధిలో నీ మాట వినపడింది. మా కోడలే చెబుతోంది కదా అని చెప్పులు విడిచేశాను." ఆవిడ తన పాదాల వైపు చూసుకుంది. "ఇంకెవరు చెప్పినా వినేదాన్ని కాదు. నువ్వు చెప్పావని విన్నాను."

ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి అత్తగారు తన మాట వింటే బాగుండునని కోడలు కోరుకోని రోజు లేదు. ఆవిడ ఎన్నడూ వినలేదు. విన్న ఒక్కరోజు, ఇది విన్నది.

అంతలో భర్త వచ్చాడు. మెట్ల మలుపు దగ్గర నిలబడి తల్లికి కనపడకుండా చేత్తో సైగ చేశాడు. ఆ సైగతోనే ఆమెకు సగం తెలిసిపోయింది.

"ఎలా ఉన్నాడు?"

"చెప్పడం లేదు. చెప్పడం లేదంటే బాగోలేదని అర్థం." ఆమె అతని కళ్ళలోకి చూసింది. "మైకు బళ్ళలో పెట్టింది ఎవరు తయారు చేశారు?"

అతను గోడకున్న మంచినీళ్ళ పంపు వైపు చూశాడు.

"ఏవండీ, మిమ్మల్నే."

"మున్సిపాలిటీ వాళ్ళు బళ్ళకి అర నిమిషం దాటకూడదన్నారు. నీ మాటలు ఎక్కువయ్యాయి. కోశాను."

"కోశాక వినలేదా?"

"విన్నాను. నువ్వు గడిచినట్టే అన్న దగ్గర ఊపిరి తీసుకున్నావు. గొంతు కూడా దిగింది. వాక్యం అయిపోయిందనుకున్నాను." అతను నుదురు రుద్దుకున్నాడు. "తమ్ముడి ఒళ్ళు జ్వరంతో కాగిపోతూ ఉంది అప్పుడు. అమ్మ గంటకోసారి ఫోన్ చేస్తోంది. చెవులతో విన్నాను. మనసు పెట్టి వినలేదు."

ముఖ్యమైన మాట ముందు ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంటే వినేవాళ్ళు చెవులు రిక్కిస్తారని ఆమెకు నేర్పింది ఇతనే. మొదటిసారి మైకు ముందు కూర్చుని బిక్కచచ్చిపోయినప్పుడు పక్కన కుర్చీ వేసుకుని మరీ నేర్పాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"పొద్దున ఒక పిల్ల పోయింది," అంది ఆమె.

అతను వార్డు తలుపు వైపు తిరిగాడు.

"వాళ్ళ నాన్నని నేను తిట్టానండీ."

"ఇప్పుడు ఏం చేద్దాం చెప్పు." "స్టేషన్ పెద్దాయనకి చెప్పేశాను. మున్సిపాలిటీకి చెప్పి బళ్ళన్నిటినీ వెనక్కి పిలిపించాడు. కొత్తది పెట్టిస్తాడట. సాయంత్రం వార్తల ముందు నిన్ను ఫోన్లోనే మాట్లాడిస్తాడట, నేరుగా. సరైన మాట చెప్పమన్నాడు. పాతది తప్పు అని మాత్రం అనొద్దన్నాడు. ఒక్కసారి తప్పు అన్నామంటే రేపటి నుంచి మనం ఏం చెప్పినా ఎవరూ నమ్మరంటున్నాడు."

"మరి నిన్న విన్నవాళ్ళు?"

"కొత్తది వింటారు."

"వినరు. వాళ్ళకి కావలసిన మాట వాళ్ళు వినేశారు. పిల్లల్ని పడుకోబెట్టి, హమ్మయ్య అనుకుని, రేడియో కట్టేసి ఉంటారు. అది తప్పురా నాయనా అని మొహం మీద చెబితే తప్ప మంచాల దగ్గరికి వెళ్ళరు. మీ అమ్మని చూడలేదా? ఎదురుగా నేను నిలబడి చెబుతుంటే బాకా మాటే నమ్మింది."

వరండాలో ఎవరో గట్టిగా ఏడ్చి, అంతలోనే ఆపుకున్నారు. భర్త తల తిప్పి అటు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు అతని కళ్ళు నేల మీద ఉన్నాయి.

"అయితే ఒక పని చెయ్యి. నోరు జారి నువ్వే అలా అన్నావని చెప్పు. నీ మీద ఎవరికీ కోపం రాదు. ఇన్నాళ్ళుగా నిద్రాహారాలు మాని పని చేస్తున్నావని ఊరందరికీ తెలుసు."

ఆమె అతని నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఉద్యోగం కోసం కాదు," అన్నాడు గబగబా. "పోతే పోనీ. అమ్మ వింటుంది. వాడికేమన్నా అయితే... నేను కోశానని తెలిస్తే అమ్మ నా ముఖం చూస్తుందా?"

"నా ముఖం చూడకపోయినా ఫరవాలేదా?"

"అది కాదు..."

"అత్తయ్య ఇప్పటికే నన్నే అనుకుంటోంది. సరే, అనుకోనీ. ఊరు అనుకుంటే మాత్రం కుదరదు. డాక్టరుకే మాట తెలియలేదని తేలితే, నేను ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎందుకు నమ్మాలి వాళ్ళు? నా మాట పోతే నష్టం నాకు కాదండీ. ఆ దుప్పట్లు పట్టుకు కూర్చున్నారే, వాళ్ళకి."

"మరి నా పేరు చెప్తావా?"

చెప్పనని అనడానికి ఆమెకు మనసొప్పలేదు. చెబుతానని అనడానికి నోరు రాలేదు. పన్నెండేళ్ళ కాపురంలో అతను అబద్ధం ఆడమని అడగడం ఇదే మొదటిసారి.

నర్సుల గదిలో ఫోన్ బల్ల మీద ఉంది. స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. భర్త గుమ్మం పక్కన నిలబడ్డాడు. అత్తగారు ఎప్పుడు లేచి వచ్చిందో, అతని వెనకే నిలబడి ఉంది. వరండాలో ఎవరి ఫోన్లోనో రేడియో మోగుతోంది. వార్తలు చదివే అమ్మాయి, డాక్టరు గారు మీతో మాట్లాడతారని చెప్పి తప్పుకుంది.

ఆమె ఈసారి వాక్యాన్ని తిరగేసింది. చివర రావలసిన మాటని మొదట పెట్టింది.

"నమ్మకండి. నిన్నటి నుంచి మైకు బళ్ళలో నా గొంతుతో వినపడుతున్న మాట నమ్మకండి, అది తప్పు, నేను చెప్పిన దాంట్లో సగం తెగిపోయి మీ దాకా వచ్చింది. జ్వరం తగ్గితే గండం గడవదు, అప్పుడే మొదలవుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా నిన్నో ఇవాళో జ్వరం తగ్గి ఉంటే, నిద్రపోతున్నారు కదా అని వదిలెయ్యకుండా ఇప్పుడే లేచి వాళ్ళ చేతులు పట్టుకుని చూడండి. చల్లగా ఉన్నా, కడుపు నొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ళలో రక్తం కనపడినా, పిలిస్తే మగతగా పలికినా, ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చెయ్యండి. మేం మిమ్మల్ని ఏమీ అనం. తప్పు మీది కాదు. మా ఇంట్లోనూ ఆ మాటే నమ్మారు, మా ఇంటి మనిషి కూడా ఇప్పుడు లోపల మంచం మీద ఉన్నాడు."

ఎక్కడా ఆగలేదు. ఊపిరి తీసుకోలేదు. కోద్దామనుకున్నా ఎవరికీ చోటు దొరకని విధంగా చెప్పి, ఫోన్ పెట్టేసి, అప్పుడు ఊపిరి పీల్చుకుంటూ కుర్చీలో కూర్చుంది.

వరండాలో ఒకేసారి నలుగురైదుగురు ఫోన్లు తీశారు. "ఒసేవ్, చిన్నదాన్ని లేపు. లేపు ముందు, తర్వాత చెప్తాను," అంటోంది ఒకావిడ. చాప మీద ముసలాయన లేచి, కర్ర వెతుక్కుని, ఎవరికీ చెప్పకుండా ఇంటి వైపు బయలుదేరాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. స్టేషన్ పెద్దాయనే అయి ఉంటాడు. భర్త దాన్ని తియ్యలేదు. మోగి మోగి ఆగిపోయింది.

అత్తగారు గదిలోకి వచ్చింది. కోడలి ఎదురుగా నిలబడింది.

"నీ మాట సగం తెగిపోయిందన్నావు."

"అవును అత్తయ్యా."

"దానంతట అదే తెగిందా, ఎవరైనా కోశారా?"

కోడలు భర్త వైపు చూడకూడదనుకుంది. చూడలేదు కూడా. చూడకుండా ఉండడానికి పడ్డ అవస్థ అంతా అత్తగారు చూసింది.

"అమ్మా..." అన్నాడు భర్త.

ఆవిడ వెనక్కి తిరగలేదు. కోడలి ముఖంలోకే చూస్తూ, నెమ్మదిగా, ఇంటికొచ్చిన వాళ్ళకి చెప్పినట్టే చెప్పింది.

"మా వాడికి కోతలు కోస్తే జీతమిస్తారు."

ఎవరూ నవ్వలేదు.

వార్డు తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి, ముగ్గురినీ చూసి, ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా అంది. "కండక్టరు గారి తాలూకు ఎవరు? డాక్టరు గారు మాట్లాడాలంటున్నారు. ఒక్కరే రండి."

అన్నగా, పెద్దవాడిగా, అలవాటుగా భర్త ముందుకి అడుగు వేశాడు.

అత్తగారు చెయ్యి చాచి అతని చొక్కా చేతిని పట్టుకుంది.

"నువ్వు కాదు," అంది.